పుస్తకం అరువిచ్చేవాడి ఇంట్లో కలిమి

బైబిల్లో 112వ కీర్తన తీసినప్పుడల్లా మూడో వచనం దగ్గర ఆగిపోతాను. దేవునికి భయపడేవాడి ఇంట్లో కలిమీ సంపదా ఉంటాయి, అతని నీతి నిత్యం నిలుస్తుంది అంటుంది. నీతి అని మనం చదివే చోట హీబ్రూలో ఉన్నది త్సెదకా, ఆ మాటకు దానం అని కూడా అర్థం. మరి దానం చేస్తూ పోతే ఇంట్లో సంపద తరగాలి కదా, రెండూ ఒక్క ఇంట్లో ఎలా ఉంటాయి?

యూదు గురువుల చర్చలను కూర్చిన ప్రాచీన గ్రంథం తల్మూదులో రబ్ హూనా, రబ్ హిస్దా అనే ఇద్దరు గురువులు సరిగ్గా ఈ వచనం గురించే మాట్లాడుకుంటారు. ఆ ఇంటివాడు ఎవరంటే, ధర్మశాస్త్రం నేర్చుకుని ఇంకొకరికి నేర్పేవాడు అని ఒకరన్నారు. రెండో ఆయన మాట నాకు మరీ ఇష్టం, లేఖనాలు రాసి వాటిని ఇతరులకు అరువిచ్చేవాడట! అచ్చు లేని రోజులు, అక్షరం అక్షరం చేత్తో రాసుకున్న గ్రంథం, దాన్ని తీసుకెళ్లి ఇంకొకరి చేతిలో పెట్టడమంటే మాటలా? పుస్తకం పరహస్తం చేరితే గతం గతః అని మనవాళ్లే అన్నారు. పోయిన నెల చర్చిలో ఒక పెద్దాయన నా కీర్తనల వ్యాఖ్యానం అడిగితే, అంచుల నిండా పెన్సిల్‌తో రాసుకున్నాను కదా అని ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను. ఆ గురువు లెక్కలో మాత్రం పుస్తకం చదివాక తిరిగి ఇంటికే వస్తుంది, అంటే కలిమి ఎక్కడికీ పోదు, దానమూ ఆగదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో పోర్చుగీసు యూదుల సమాజ మందిరం ఆవరణలో ఎత్స్ హయీం అనే లైబ్రరీ ఉంది. 1616లో మొదలైంది, ఇప్పటికీ నడుస్తున్న యూదు లైబ్రరీల్లో ప్రపంచంలోకెల్లా పాతది. పేరుకు జీవవృక్షం అని అర్థం, సామెతలు 3:18లో ఉన్న మాటే. దాన్ని పెట్టినవాళ్ల పెద్దలను స్పెయిన్, పోర్చుగల్‌లలో బలవంతంగా మతం మార్చారు. అక్కడ ఇంట్లో హీబ్రూ పుస్తకం దొరికితే ప్రాణాల మీదికి వచ్చేది, అందుకే ఆమ్‌స్టర్‌డామ్ చేరాక తమ తాతల ప్రార్థనలను చాలామంది పెద్ద వయసులో మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. అలాంటివాళ్లకు పుస్తకాలున్న గది అంటే ఏమిటో ఊహించుకోండి. నాజీలు ఆ పుస్తకాలను జర్మనీకి పట్టుకుపోయారు, యుద్ధం ముగిశాక తిరిగొచ్చాయి. ఈరోజు పైకప్పులోంచి పగటి వెలుగు పడే ఆ గదిని, మెలితిరిగిన చెక్కమెట్లను యూదులు కానివాళ్లు కూడా వెళ్లి చూడొచ్చు, చేతిరాత ప్రతులెన్నో ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు.

పవిత్ర గ్రంథం చెయ్యి జారి కింద పడితే యూదులు తీసి ముద్దుపెట్టుకుంటారు, పుస్తకానికి కాలు తగిలితే మనం కళ్లకద్దుకున్నట్టు. చదివి చదివి చిరిగిపోతే పారేయరు, దాచి ఉంచి, మనిషిని పాతిపెట్టినట్టు శ్మశానంలో పాతిపెడతారు.

నా వ్యాఖ్యానం అట్ట ఇంకా కొత్తగానే ఉంది. ఈ ఆదివారం ఆ పెద్దాయనకు ఇచ్చేస్తాను, పెన్సిల్ రాతలతో సహా.