సైకియాట్రీ వార్డులో చేర్చమన్నారా? ముందే తెలిస్తే మేలైన సంగతులు

18 దాటిన కొడుకునో కూతురినో చూసి డాక్టరు "అడ్మిట్ చేద్దాం" అనగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఎన్ని రోజులండీ?" తీవ్రమైన డిప్రెషన్ గానీ, బైపోలార్ (ఒకసారి విపరీతమైన హుషారు, ఒకసారి తీవ్రమైన దిగులు) గానీ, సైకోసిస్ (లేని గొంతులు వినపడటం, లేనిపోని అనుమానాలు) గానీ, మామూలుగా 2 నుంచి 4 వారాలు అనుకోండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో చేర్చినా, విశాఖ చినవాల్తేరులో చేర్చినా, ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లినా పెద్ద తేడా ఉండదు. ఆ వారాల్లో జబ్బు పూర్తిగా నయమై వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ప్రాణాపాయం లేకుండా కాపాడటం, జబ్బేమిటో తేల్చడం, సరైన మందు మొదలుపెట్టి అది ఒంటికి పడుతుందో లేదో చూడటం, వార్డులో జరిగేది ఇంతే. అసలు వైద్యం ఇంటికొచ్చాక నెలల తరబడి నడుస్తుంది.

18 నిండితే అమ్మానాన్నల సంతకం ఒక్కటే చాలదు. ఈ విషయం తెలియకే రిసెప్షన్ దగ్గర సగం గొడవలవుతుంటాయి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రెండు దారులున్నాయి. మొదటిది, పిల్లలు తామే ఒప్పుకుని సంతకం పెట్టి చేరడం. అలా చేరినవాళ్లు వెళ్లిపోతామంటే పంపించాల్సిందే. ప్రమాదం ఉందని డాక్టరుకు అనిపిస్తే, పరీక్షించి చూడటానికి 24 గంటలు ఆపగలరు, అంతే. "బిల్లు కట్టేది మేమైతే మమ్మల్ని అడక్కుండా ఎలా పంపారు" అని ఆసుపత్రివాళ్లతో తగువుపడి లాభం లేదు.

రెండోది, ఒప్పుకునే స్థితిలో లేనప్పటి మాట. తనకో ఇతరులకో హాని చేసేలా ఉన్నా, తిండీ నిద్రా కూడా చూసుకోలేని స్థితిలో ఉన్నా, వాళ్ల తరఫు ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి. ముందుగా ఎవరినీ రాసిపెట్టుకోకపోతే దగ్గరి బంధువు ఆ స్థానంలో నిలుస్తారు. ఒక సైకియాట్రిస్టు, ఇంకో మానసిక వైద్య నిపుణుడు లేదా డాక్టరు ఎవరికి వాళ్లు విడిగా చూసి అవసరమని తేల్చాలి. గడువు 30 రోజులు. ఆసుపత్రి ఆ సంగతి రివ్యూ బోర్డుకు (ఇలాంటి చేర్పులు సరైనవో కాదో చూసేందుకు ఆ చట్టం కింద ఏర్పడే బోర్డు) 7 రోజుల్లో తెలపాలి. ఆడపిల్లయితే 3 రోజుల్లోనే. ఈ చేర్పు అన్యాయమనిపిస్తే పేషెంటే బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. "తిరుపతి వెళ్దాం", "షుగర్ టెస్టు చేయిద్దాం" అని కారెక్కించి ఆసుపత్రి గేటు ముందు దింపకండి. ఆ రోజుకు పని జరిగిపోతుంది, కానీ ఆ తర్వాత మీరిచ్చే మాత్రను కూడా నమ్మరు. ఎక్కడికి వెళ్తున్నాం, ఎందుకు, ఎన్నాళ్లు అనేది ముందే చెప్పండి. అరిచినా సరే చెప్పండి. అంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది. ఫోన్ చేస్తే నలుగురు మనుషులు బండేసుకొచ్చి, కాళ్లూ చేతులూ కట్టి తీసుకుపోయే "సెంటర్లు". డబ్బులు కట్టాక నెలల పాటు పిల్లల్ని చూడనివ్వరు, ఫోన్ ఇవ్వరు, సైకియాట్రిస్టు ఎవరో చెప్పరు. మానసిక రోగుల్ని ఉంచే ఏ సంస్థకైనా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ చూపించమనండి. నీళ్లు నమిలితే బయటికి వచ్చేయండి.

సంచిలో నాలుగు జతల సొంత బట్టలు సర్దండి. సొంత బట్టలు వేసుకోవడం చట్టమిచ్చిన హక్కు, బలవంతంగా గుండు చేయడం నిషేధం. నాడాలున్న పైజామాలు, బెల్టు, చున్నీ, రేజరు, గాజు సీసాలు, పొడుగాటి చార్జర్ వైరు లోపలికి రానివ్వరు. పాత ప్రిస్క్రిప్షన్లన్నీ తేదీల వరుసలో పెట్టుకెళ్లండి. ఆయుర్వేదం, హోమియో, నాటుమందు ఏది వాడినా దాచకండి. గంజాయి సంగతీ అంతే. దాన్ని దాచిపెడితే జబ్బు పేరే తప్పుగా పడే ప్రమాదం ఉంది. చాలా ప్రభుత్వ వార్డుల్లో, జనరల్ ఆసుపత్రి యూనిట్లలో ఇంటి మనిషి ఒకరు తోడుండాలంటారు. నాన్న ఒక వారం, మేనమామ ఒక వారం అని ముందే వంతులు వేసుకోండి.

మొదటి మూడు రోజులు ఎక్కువగా గమనింపే. రక్తపరీక్షలు, థైరాయిడ్, లివర్, కిడ్నీ, ఈసీజీ చేస్తారు. థైరాయిడ్ తేడాలు, బీ12 లోపం కూడా మనసు మీద పనిచేస్తాయి కాబట్టి వాటిని ముందు తేల్చుకోవాలి. ప్రాణహాని భయం ఉంటే పావుగంటకోసారి సిస్టరు వచ్చి చూసి వెళ్తుంది, అర్ధరాత్రి కూడా. మాత్రలు ఎదురుగా నిలబడి మింగిస్తారు, నోరు తెరిపించి నాలుక ఎత్తించి చూస్తారు. పిల్లలకు అవమానంగా ఉంటుంది, నిజమే. మాత్ర బుగ్గన పెట్టుకుని బాత్రూంలో ఉమ్మేసేవాళ్లు ఉంటారు కనుక అందరికీ అదే పద్ధతి.

"మత్తిచ్చి పడుకోబెడుతున్నారు" అనేది మొదటి వారంలో తల్లుల నోట వినపడే మాట. చాలా రోజులు నిద్రలేని మెదడుకు ముందు నిద్ర కావాలి, కాబట్టి తొలి డోసులు బరువుగానే ఉంటాయి. భయాలు, గొంతులు వినిపించడం ఒకటి రెండు వారాల నుంచి తగ్గడం మొదలవుతుంది, బాగా తగ్గడానికి ఇంకా సమయం పడుతుంది. డిప్రెషన్ మందులు పనిచేయడానికి 2 నుంచి 6 వారాలు. ఒకటి మాత్రం కళ్లారా చూసి భయపడకండి: సైకోసిస్ మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో హఠాత్తుగా మెడ ఒక పక్కకు తిరిగి బిగుసుకుపోవడం, కనుగుడ్లు పైకి లాగేయడం, దవడ పట్టేయడం. ఇది ఫిట్స్ కాదు, దయ్యమూ కాదు, మందు దుష్ప్రభావం. సిస్టరును పిలవండి, ఫెనర్గాన్ లాంటి ఇంజెక్షన్ చేస్తే సాధారణంగా అరగంటలో సర్దుకుంటుంది. కాళ్లు కదపకుండా కూర్చోలేక వార్డంతా తిరుగుతుంటే అది కూడా మందు వల్ల కావచ్చు. "ఆందోళన పెరిగింది" అని డోసు పెంచేలోపే డాక్టరుకు చెప్పాలి. ఓలాంజపిన్ అనే సైకోసిస్ మందు మీద ఉంటే ఆకలి విపరీతంగా పెరుగుతుంది, బరువు వారం వారం తూకం వేయించండి.

ఆడపిల్లకు బైపోలార్‌కు వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు రాస్తే ఇంకో మందు ఉందా అని తప్పకుండా అడగండి. గర్భం వస్తే బిడ్డకు చాలా హాని చేసే మందు అది.

ఈసీటీ, అంటే షాక్ ట్రీట్‌మెంట్, పేరు వింటే ఇప్పటికీ సినిమాల్లో చూపించిందే గుర్తొస్తుంది. ఇప్పుడు మత్తు ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి మాత్రమే చేయాలి. అవి లేకుండా చేయడం చట్టరీత్యా నేరం. పరగడుపున తీసుకెళ్తారు, వారానికి 2 లేదా 3 సార్లు, మొత్తం 6 నుంచి 12. ఆ రోజుల జ్ఞాపకాలు కొన్ని చెరిగిపోవచ్చు. తిండి మానేసి మంచానికి అతుక్కుపోయిన డిప్రెషన్‌లో దీని అంత వేగంగా పనిచేసేవి తక్కువ.

చూడటానికి వెళ్లినప్పుడు ఇంటి క్యారియర్ పట్టుకెళ్లండి, ప్రశ్నలు వద్దు. "ఎందుకిలా చేశావు", "నలుగురికీ ఏం చెప్పాలి", "పెళ్లి సంబంధం వస్తే ఎలా" అన్నవి అక్కడ అనకండి. పది నిమిషాలు పక్కన కూర్చుని తినిపించి రండి. పిల్లలు చూడనంటే వాళ్ల మాట మన్నించండి, మర్నాడు మళ్లీ వెళ్లండి.

మానసిక జబ్బులకు మిగతా జబ్బుల్లాగే ఇన్సూరెన్స్ వర్తించాలని అదే చట్టం చెబుతోంది. పాత జబ్బయితే వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఎన్నాళ్లకు డబ్బు వస్తుందనే గడువు), గది అద్దె పరిమితి చూసుకోండి. ఆసుపత్రి కాని రిహాబ్ కేంద్రాలకు చాలా పాలసీలు ఇవ్వవు.

ఇక డిశ్చార్జి. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకునే రోజు ఇదే, జాగ్రత్త అన్నిటికంటే ఎక్కువ కావాల్సిందీ ఇప్పుడే. ఆత్మహత్య ప్రమాదం డిశ్చార్జి తర్వాతి తొలి వారాల్లో ఎక్కువగా ఉంటుంది. వారంలోపు మళ్లీ చూపించే తేదీ కాగితం మీద రాయించుకోకుండా ఆసుపత్రి దాటకండి. వ్యవసాయం ఉన్న ఇళ్లలో పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి, కొట్టంలోంచి పూర్తిగా తీసేయండి. తాళం వేస్తే చాలదు. మాత్రలు ఒక వారానివే ఇంట్లో ఉంచి, అవి కూడా పెద్దవాళ్ల దగ్గర పెట్టుకోండి. బైపోలార్‌కు ఇచ్చే లిథియం అనే మందు మీద ఉన్నవాళ్లకు మన ఎండాకాలం ఒక పరీక్ష. చెమట పట్టి, నీళ్లు తాగక, వాంతులు విరేచనాలు పట్టుకుంటే రక్తంలో మందు పెరిగి విషమవుతుంది. చేతులు బాగా వణికినా, నడక తూలినా వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. నొప్పులకు మెడికల్ షాపువాడిచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు, పారాసిటమాల్ సరిపోతుంది. లిథియం స్థాయి పరీక్షకు రక్తం రాత్రి డోసు వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేయకముందు ఇవ్వాలి.

డిశ్చార్జి అయిన వారమే హాస్టల్‌కు పంపడం, బ్యాక్‌లాగ్స్ అన్నీ ఒకేసారి రాయించడం, ఈ రెండూ బాగుపడుతున్నవాళ్లను మళ్లీ కింద పడేస్తాయి. అటెండెన్స్ కోసం సర్టిఫికెట్ ఇమ్మంటే జబ్బు పేరు రాయకుండా "వైద్యం పొందారు" అని ఇవ్వమని అడగొచ్చు. తొలి డిప్రెషన్‌కు కోలుకున్నాక కూడా 6 నుంచి 9 నెలలు మందు వాడాలి, సైకోసిస్‌కు కనీసం ఏడాదికి పైనే. "బాగానే ఉన్నాడు కదా" అని రెండో నెలలోనే ఆపేయడం వల్లే చాలామంది మళ్లీ వార్డుకు వస్తారు. వరసగా రెండు రాత్రులు మూడు నాలుగు గంటలకు మించి నిద్రపోకపోతే మూడో రాత్రి దాకా ఆగొద్దు, డాక్టరుకు చెప్పండి. డాక్టరు దొరక్కపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు.

మనసు నిలకడపడ్డాక, పిల్లలూ మీరూ కూర్చుని ఒక కాగితం రాసుకోండి. జబ్బు మళ్లీ ముదిరితే ఏ మందు ఇవ్వాలి, ఏది వద్దు, తమ తరఫున ఎవరు మాట్లాడాలి అని ముందస్తుగా రాసిపెట్టే హక్కు ఆ చట్టంలోనే ఉంది. అమ్మ కాకుండా అక్కనో స్నేహితుడినో ఎంచుకుంటే నొచ్చుకోకండి.