మరల ప్రసవవేదన: గలతీయుల గురించి పౌలు బాధ

అపొస్తలుడైన పౌలు తొలి సంఘాలకు రాసిన పత్రికల్లో (ఉత్తరాల్లో) సాధారణంగా పలకరింపు అవగానే సంఘం కోసం కృతజ్ఞతాస్తుతులు ఉంటాయి. గొడవలతో సతమతమైన కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలోనూ ఉన్నాయి. గలతీయులకు రాసిన పత్రికలో లేవు. 1:6కే విషయంలోకి దిగిపోయి, ఇంత త్వరగా మరో సువార్త వైపు తిరిగిపోతున్నారేమిటని ఆశ్చర్యపోతాడు.

గలతియ నేటి టర్కీలో ఉండేది. పౌలు సువార్త చెప్పి వెళ్లాక అక్కడికొచ్చిన బోధకులు క్రీస్తును వద్దనలేదు, క్రీస్తుతోపాటు యూదుల ఆచారమైన సున్నతీ ఉండాలన్నారు. పసిగట్టడం కష్టమైంది అందుకే. అది దినాలు, మాసాలు, ఉత్సవకాలాల దాకా పోయింది (4:10). సున్నతికి ఒప్పుకున్నవాడు మోషే ధర్మశాస్త్రమంతా మోయాల్సిందేనని పౌలు హెచ్చరిస్తాడు (5:3).

అలాగని ఆచారమంతా తప్పని కాదు. యూదుడు కాని తన సహచరుడు తీతు సున్నతి విషయంలో ఒత్తిడికి గడియసేపైనా లొంగని పౌలు (2:3-5), మరో సహచరుడు తిమోతికి తానే చేయించాడు (అపొస్తలుల కార్యములు 16:3). తీతు దగ్గర దాన్ని రక్షణకు షరతు చేయబోయారు. తిమోతి తల్లి యూదురాలు, అక్కడి యూదుల మధ్య పరిచర్యకు అడ్డు లేకుండా ఉంటుందని చేయించాడు.

మన సంఘాల్లోనూ చూడాల్సింది ఇదే, ఆచారం రక్షణకు షరతయిందా అని. ఉపవాస ప్రార్థన, తెల్లబట్టలు, దశమభాగం, ఏదైనా సరే. ఇష్టంగా నగలు మానుకున్న అక్కని ఎవరూ ప్రశ్నించక్కర్లేదు. "మెడలో గొలుసుంది, ఈమెకి రక్షణ ఉందంటావా?" అన్న గుసగుస మొదలైందంటే షరతు వచ్చేసినట్టే. దానికి బోధ కూడా అక్కర్లేదు. అంతియొకయ సంఘంలో అపొస్తలుడు పేతురు ఏమీ బోధించలేదు, అన్యజనుల (యూదులు కాని విశ్వాసుల) పంక్తిలోంచి తప్పుకున్నాడంతే (2:11-13). పౌలు సహచరుడు బర్నబా కూడా అదే దారి పట్టాడు. పంక్తి వేరైతే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకి విడమరచి చెప్పాలా?

"నా పిల్లలారా, క్రీస్తు స్వరూపము మీయందేర్పడు వరకు మీ విషయమై మరల నాకు ప్రసవవేదన కలుగుచున్నది" (4:19). ఒకసారి కన్న బిడ్డల కోసమే మళ్లీ నొప్పులు! మీ మధ్యకొచ్చి ఇంకో రకంగా మాట్లాడాలనుంది అని కూడా అంటాడు (4:20). 3:1లో అవివేకులారా అని గద్దించింది ఈయనే. ఆ ఒక్క వచనం పట్టుకుని పుల్పిట్ మీంచి కేకలేసే కాపరి 4:20 దాకా చదవాలి.

కాబట్టి కాపరులారా, ఆచారాన్ని షరతుగా పట్టుకున్నవాళ్లని ముందు ఇంటికెళ్లి విడిగా కలవండి. ఆచారం తప్పని వాదించకుండా, "ఈ వారం ఇది మానేస్తే దేవుడు మీతో ఎలా ఉంటాడనిపిస్తోంది?" అని అడిగి, జవాబు పూర్తిగా వినండి. భయం బయటపడితే 3:1-5 కలిసి చదవండి. ఆత్మను పొందింది ధర్మశాస్త్ర క్రియల వల్లా, విని నమ్మినందువల్లా అని పౌలు అడిగిందే మీరూ అడగండి, మొదట నమ్మిన రోజు గుర్తొచ్చేదాకా ఆగండి. ఉపవాసాన్ని అప్పటికప్పుడు మాన్పించకండి. దేవుడికి భయపడి ఉన్నవాళ్లు ఈసారి పాస్టరుగారికి భయపడి మానేస్తారు, అంతే తేడా.

"మాది కృప సంఘం, మేం అవేవీ పాటించం" అని గొప్పలు పోయేవాళ్లూ ఉంటారు. సున్నతి పొందకపోవడం కూడా లెక్కలోకి రాదన్నాడు పౌలు (5:6, 6:15). వాళ్లతోనూ 3:1 నుంచే మొదలుపెట్టాలి.