చావడనుకున్న మనిషి సమాధి దగ్గర

ఇజ్మీర్‌లో రైలెక్కితే గంటన్నరలో సెల్చుక్. టర్కీలోని ఈ చిన్న ఊళ్లో దిగేవాళ్లు ఎక్కువగా ఎఫెసు శిథిలాల కోసమే వస్తారు. నేను ముందు ఊరి మధ్యనున్న అయసులుక్ గుట్ట ఎక్కాను. మే నెల ఎండ. నీళ్ల బాటిల్ రూమ్‌లోనే మర్చిపోయాను. దారిలో పాత రాతి స్తంభాల మీద కొంగలు గూళ్లు కట్టుకుని టకటకమని ముక్కులు కొడుతున్నాయి.

అయసులుక్ అన్నది ‘అయియోస్ థియోలోగోస్’ అనే గ్రీకు మాట అరిగి మిగిలిన పేరు. పరిశుద్ధ వేదాంతి, అంటే యేసు శిష్యుడు యోహాను. గుట్ట మీద ఆయన పేర ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన చర్చి ఉంది. దాని ఆరు గుమ్మటాల్లో ఒక్కటీ మిగల్లేదు. కొన్ని స్తంభాల తలల మీద జస్టీనియన్, రాణి థియోడోరా పేర్ల పొడి అక్షరాలను మాత్రం ఇంకా పోల్చుకోవచ్చు. ఒకచోట నాలుగు చిన్న స్తంభాల మధ్య పాలరాతి అరుగు. అదే సమాధి అంటారు. దాని మీద ఒక పిల్లి హాయిగా పడుకుని ఉంది.

యోహాను సువార్త 21వ అధ్యాయం చివర్లో ఒక సంజాయిషీ ఉంటుంది. ఆ శిష్యుడు చావడని సహోదరుల్లో మాట పాకిందట. యేసు అలా అనలేదు, ‘నేను వచ్చేదాకా అతడుండడం నాకిష్టమైతే నీకేమిటి’ అన్నాడంతే. సండే స్కూల్లో చదివినప్పుడు ఈ గొడవంతా ఎందుకో అర్థం కాలేదు. అక్కడ నిలబడితే తట్టింది. ముసలాయన పోయుంటాడు, జనం కంగారుపడి ఉంటారు. చాలామంది పండితులు చదివేదీ అలాగే.

కానీ జనం ఊరుకోలేదు. ‘యోహాను కార్యములు’ అనే పాత కథలో ఆయన తన గొయ్యి తానే తవ్వించుకుని, ప్రార్థన చేసి, అందులో దిగి పడుకుంటాడు. తర్వాతివాళ్లు ఇంకో అడుగు వేశారు. ఆయన చావలేదు, నిద్రపోతున్నాడు, ఊపిరికి పైన మట్టి కదులుతోంది! ఈ మాట ఆఫ్రికాలో ఉన్న బిషప్ అగస్టీను దాకా వెళ్లింది. ఆయన కొట్టిపారేయలేదు, ఆ చోటు తెలిసినవాళ్లే చూసుకోవాలని తప్పుకున్నాడు. గడుసువాడే.

ఆ మట్టికి ‘మన్నా’ అని, బైబిల్లో ఆకాశం నుంచి కురిసిన ఆహారం పేరు కూడా వచ్చింది. రోగాలకు మందని యాత్రికులు మట్టి బుడ్లలో నింపుకుని వెళ్లేవారు. ఆర్థడాక్స్ చర్చిలో మే 8న ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వేళాంగణి నుంచి తెచ్చిన నూనె సీసా ఆమె బీరువాలో చీరల మధ్య ఉండేది. జ్వరమొస్తే ఒక్క చుక్క, నుదుటి మీద. చీరలన్నీ ఆ వాసనే.

అరుగు పక్కన కాసేపు గొంతుక్కూర్చున్నాను. ఏమీ కదల్లేదు, పిల్లి పొట్ట తప్ప. లేచేసరికి ప్యాంటుకు దుమ్ము అంటింది. దులుపుకోబోయి ఆగాను. గుట్ట దిగి నీళ్లు కొనుక్కుని తాగాక దులుపుకున్నాను.