ఇంట్లో వాటా ఉంది, మాగాణిలో లేదు

చెన్నైలో తెలుగు కుటుంబాల పాత దస్తావేజులు చదివేవాళ్లు ముందు తేదీ చూడాలి, వితంతువు హక్కు తేదీని బట్టి మారింది కాబట్టి. 1937 హిందూ స్త్రీల ఆస్తి హక్కుల చట్టంతో వితంతువుకు భర్త ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా వచ్చింది. కానీ బతికున్నంత కాలమే. అద్దెలు తీసుకోవచ్చు, అమ్మాలంటే మాత్రం కూతురి పెళ్లి, భర్త చేసిన అప్పు లాంటి తప్పనిసరి అవసరం ఉండాలి. ఆ అవసరాన్ని రుజువు చేయలేకపోతే, ఆమె పోయాక భర్త వారసులు అమ్మకాన్ని కోర్టులో కొట్టేయించేవారు. అందుకే కొనేవాళ్లు జంకేవారు, ధర పడిపోయేది.

అన్నిటికన్నా బాధ కలిగించేది 1941లో ఫెడరల్ కోర్టు (బ్రిటిష్ కాలంలో ఢిల్లీలో ఉన్న ఉన్నత న్యాయస్థానం) అన్న మాట: ఆ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదని. చెన్నై ట్రిప్లికేన్‌లోని ఇంట్లో వాటాదారైన ఆవిడకు నెల్లూరు మాగాణిలో ఏమీ లేదన్నమాట! మద్రాసు ప్రభుత్వం దాన్ని 1947లో సరిదిద్దింది.

1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌తో ఆమె చేతిలో ఉన్న ఆస్తి పూర్తిగా ఆమెదైంది. అప్పటికే అమ్మేసి, స్వాధీనం వదులుకున్న ఇంటికి మాత్రం ఆ సెక్షన్ పనికిరాదు.