తపసి బంక: గొడ్డలి పక్కన పెట్టాక

మన్యంలో తపసి చెట్టు బెరడు నుంచి కారే జిగురుని, అంటే తపసి బంకను, ఒకప్పుడు గొడ్డలితోనే తీసేవారు. ఒక్క దెబ్బకి బోలెడు కారుతుంది, అది నిజమే. కానీ దెబ్బ బెరడు దాటి కర్రలోకి దిగితే గాయం పూడదు. వాననీరు చేరుతుంది, పురుగు పడుతుంది, చెట్టు లోపల్నుంచి పుచ్చిపోతుంది. నేను గొడ్డలి పట్టను. పదునైన చిన్న కత్తి చాలు.

ఛాతీ ఎత్తున చుట్టుకొలత 90 సెంటీమీటర్లు లేని చెట్టుని ముట్టుకోను. ముందు కాగితంలా ఊడే తెల్లటి పైపొరను గీకి, తుడిచెయ్యాలి. ఇక్కడ బద్ధకిస్తే ఆ పొరలే బంకలో అతుక్కుని, తర్వాత ఎంత ఏరినా రావు. సగం ధర పోయేది ఈ చెత్త వల్లే. గాటు అరచేతికి మించకూడదు, లోతు బెరడు మందం వరకే. నేలకి దగ్గరగా పెడితే దుమ్ము, ఎండుటాకులు అంటుకుంటాయి కాబట్టి నడుం ఎత్తున పెడతాను.

గాటు పెట్టగానే బంక ఊరుతుంది. ఎక్కువ భాగం మొదటి 24 గంటల్లోనే వచ్చేస్తుంది, తర్వాత కొన్ని రోజులు కొద్దికొద్దిగా. పచ్చిగా ఉండగా తీస్తే చేతికీ కత్తికీ అంటుకుని పోతుంది. మరీ ఆలస్యం చేస్తే దుమ్ము పట్టి రంగు తగ్గుతుంది. పైన గట్టిపడి ముద్ద విడివడే అదను చూసి తీసి, గాటు పై అంచు మాత్రమే సన్నగా చెక్కాలి. పక్కలకి చెక్కుకుంటూ పోతే గాట్లు చెట్టు చుట్టూ కలిసిపోతాయి. అప్పుడు ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకి దిగదు, చెట్టు నిలువునా ఎండుతుంది. సీజన్‌కి చెట్టుకి 1 నుంచి 5 కిలోలు వస్తుంది, అంతకంటే ఆశపడకూడదు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా, వానలకి ముందు వచ్చేదే మేలు రకం. వానలయ్యాక సెప్టెంబరులో మళ్లీ తీయొచ్చు గానీ రంగు మాసినట్టుంటుంది, జిగట కూడా తక్కువే.

ఆరబెట్టేది శుభ్రమైన పట్టా మీద, నీడలో. పైకి ఎండినట్టున్నా లోపల తేమ ఉంటే బస్తాలో ముద్దలన్నీ ఒకటైపోతాయి, గోనె పీచు కూడా అంటుకుంటుంది. చెత్తలేని తెల్ల ముద్దల్ని విడిగా కట్టాలి. గిరిజన సహకార సంస్థకి ఇచ్చినా, సంతలో అమ్మినా అన్నీ కలిపేస్తే కింది రకం ధరే కడతారు.

చిరుమాను అనే వేరే చెట్టు బంక కలిసిందేమోనని అనుమానమొస్తే చిన్న ముక్క గ్లాసు నీళ్లలో వేసి రాత్రంతా ఉంచండి. తపసి బంక కరగదు, ఉబ్బి జెల్లీలా అవుతుంది. విరేచనం సాఫీగా అయ్యే మందుల్లోనూ, కట్టుడు పళ్లు అతికించే పొడిలోనూ వాడేది ఈ గుణం కోసమే. చిరుమానుదైతే చాలామటుకు కరిగిపోతుంది.

నిల్వ పెట్టి ధర పెరిగాక అమ్ముదామనే లెక్క దీనికి కుదరదు. రోజులు గడిచేకొద్దీ వెనిగర్ వాసన వస్తుంది, జిగట పడిపోతుంది. పొడి చేస్తే ఇంకా తొందరగా పాడవుతుంది కాబట్టి ముద్దలుగానే అమ్మెయ్యాలి.