పర్లాకిమిడి షెడ్డు నుంచి: ఆయిల్ వేడి ఎక్కడ చిక్కుకుంది

ఈ వేసవిలో నేను కట్టుకుంటున్న చిన్న విమానం పనంతా ఒక్క సమస్య చుట్టూనే తిరిగింది. ఇంజిన్‌ను 4000 ఆర్‌పీఎం దగ్గర కాసేపు నడిపితే చాలు, ఆయిల్ ఉష్ణోగ్రత 120 దాటి ఇంకా పైకే పోతోంది. ఇంజిన్ రోటాక్స్ 912 యూఎల్ఎస్, 100 హార్స్‌పవర్. దీని ఆయిల్‌కు గరిష్ఠ హద్దు 130 డిగ్రీలు, మామూలుగా ఉండాల్సింది 90 నుంచి 110 మధ్య. పర్లాకిమిడి మే నెల ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అయినా ఎండాకాలం కదా అని వదిలేసే విషయం కాదిది. ఆయిల్ పలచబడితే ప్రెషర్ పడిపోతుంది. గాల్లో అలా జరిగితే దిగడానికి చోటు వెతుక్కోవాలి, మాకు పడమర అంతా కొండలే.

రెండు సీట్ల ఈ విమానాన్ని సగం కట్టిన కిట్‌గా కొన్నాను. ముందు కౌలింగ్ (ఇంజిన్ మీది తొడుగు), ఆయిల్ కూలర్ (గాలి తగిలించి ఆయిల్‌ను చల్లబరిచేది) అప్పటికే బిగించి వచ్చాయి. ఇంకా ఎగరడం లేదు, అనుమతుల పని వేరుగా నడుస్తోంది. ఇప్పుడు చేసేవన్నీ మూతపడ్డ ఒక రైస్ మిల్లు ఆవరణలో, తోకను గుంజకు కట్టి, చక్రాలకు దిమ్మలు పెట్టి చేసే గ్రౌండ్ రన్‌లే.

పెద్ద కూలర్ వేసెయ్యమని చాలామంది చెప్పారు. ఉన్న కూలర్‌లోంచి గాలి ఎంత పోతోందో కొలవకుండా కొత్తది కొనడం నాకు ఇష్టం లేదు. బరువు పెరుగుతుంది, డబ్బు పోతుంది, సమస్య మాత్రం అక్కడే ఉండొచ్చు.

మొదట మీటర్ నిజం చెబుతోందా అని చూశాను. సెన్సర్ విప్పి, వైర్లు తగిలించే ఉంచి, దాని ఒంటికి ఎర్త్ ఇచ్చి, మరుగుతున్న నీళ్లలో ముంచాను. మా ఎత్తులో నీళ్లు దాదాపు 100 దగ్గరే మరుగుతాయి (కొండల మీద ఎత్తులో ఉన్న కోరాపుట్‌లో ఇదే పని చేస్తే 97 అనుకోవాలి). మీటర్ 103 చూపించింది. అంటే వేడి నిజమే. ఒక మాట గుర్తుంచుకోండి: ఈ సెన్సర్‌లో వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. కాబట్టి ఎర్త్ సరిగ్గా లేకపోతే మీటర్ తక్కువ వేడి చూపిస్తుంది. ఎక్కువ చూపించే మీటర్ కంటే అది ప్రమాదం.

తర్వాత గొట్టాలు. రోటాక్స్ 912లో ఆయిల్ ట్యాంకు నుంచి కూలర్‌లోకి, అక్కడి నుంచి పంపుకు వెళ్తుంది. అంటే కూలర్ పంపు పీల్చే వైపు ఉంటుంది. కారు ఇంజిన్లు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపిస్తుంది. పీల్చే వైపు గొట్టం వేడికి మెత్తబడితే లోపలికి నొక్కుకుపోతుంది, బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది. అందుకే పాత గొట్టాలు తీసేసి మందమైనవి వేశాను, ఫిట్టింగుల దగ్గర మలుపుల్ని విశాలం చేశాను. మనసుకు కొంచెం ధైర్యం వచ్చింది కానీ ఉష్ణోగ్రత కదల్లేదు.

ఇక గాలి లెక్క. కూలర్‌కు ముందూ వెనకా గాలి ఒత్తిడి కొలవాలి. గోడలు కట్టే మేస్త్రీలు లెవెల్ చూసే పారదర్శకమైన ట్యూబు కొని, ఇంకు కలిపిన నీళ్ల సీసా అడుగుకు తగిలించి, మీటరు పొడవుకు పది సెంటీమీటర్లు లేచేలా చెక్క మీద ఏటవాలుగా బిగించాను. ఇలా పెడితే ఒక మిల్లీమీటరు తేడా ట్యూబు మీద పదింతలై కనిపిస్తుంది. కూలర్ ముందు ఒక సన్న గొట్టం, వెనక ఒక సన్న గొట్టం పెట్టి కాక్‌పిట్‌లోకి లాగాను. గొట్టం మూతి డక్టు (గాలి వెళ్లే దారి) గోడతో సమానంగా ఉండాలి. గాలికి ఎదురుగా తిరిగితే వేగం కూడా కలిసి తప్పుడు లెక్క వస్తుంది. ప్రొపెల్లర్ తిరుగుతున్నంతసేపు ముందువైపు ఎవరూ ఉండకూడదు, అందుకే కొలతలన్నీ సీట్లో కూర్చునే తీసుకున్నాను.

కూలర్ ముందు ఒత్తిడి 14 మిల్లీమీటర్ల నీటికి సమానం. వెనక 12. కూలర్‌కు అటూ ఇటూ తేడా రెండే మిల్లీమీటర్లు! ఇది చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం. ముందు గాలి బాగానే వస్తోంది. వెనకనుంచి బయటికి పోవడం లేదు. రేడియేటర్ గాలి, సిలిండర్ల మీది గాలి, కూలర్ గాలి మూడూ కౌలింగ్ కింద ఒకే సందులోంచి పోవాలి. అక్కడే అంతా చిక్కుకుంది.

నాకు బ్రాకెట్లు చేసిపెట్టే లేత్ మేస్త్రి కౌలింగ్ కిందికి వంగి చూసి, "ఏటి బాబూ, పొగ పోయే దారి మూసేసి పొయ్యి ఊదితే మంట లేస్తదేటి?" అన్నారు. ముందు కన్నం పెద్దది చేద్దామా అని అడిగితే, "దాని జోలికెళ్లకండి" అన్నారు. ఆయన మాటే సరైనది. లోపలికి వెళ్లిన గాలి వేడెక్కి ఉబ్బుతుంది. 38 డిగ్రీల గాలి 95కు చేరితే దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. పోయే దారి వచ్చే దారి కంటే పెద్దదిగా ఉండటం అందుకే అవసరం.

కూలర్‌కు విడిగా ఒక ఎగ్జిట్ డక్టు చేశాను. థర్మోకోల్ దిమ్మ చెక్కి, పైన ప్యాకింగ్ టేపు చుట్టి, మైనం రాసి, ఎపాక్సీతో ఫైబర్ గ్లాస్ వేశాను. పాలిస్టర్ రెసిన్ వాడొద్దు, అది థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. సైలెన్సర్‌కు దగ్గరగా వచ్చిన చోట అల్యూమినియం రేకు అడ్డం పెట్టాను. డక్టు చివర కౌలింగ్ కింద చిన్న పెదవిలాంటి అంచు కిందికి వంచాను, దాని వెనక గాలి లాగుడు ఏర్పడుతుంది. కూలర్ చుట్టూ ఉన్న సందులన్నీ సిలికాన్ రబ్బరు పట్టీతో మూశాను. గాలికి సులువైన దారి దొరికితే కూలర్ పల్చటి రేకుల (ఫిన్ల) మధ్యకు ఎందుకు వెళ్తుంది?

మళ్లీ కొలిస్తే ముందు 14, వెనక 4. తేడా రెండు నుంచి పదికి పెరిగింది. గాలి పరిమాణం దాదాపు ఒత్తిడి తేడా వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ముందుకంటే రెట్టింపుకు పైగా గాలి పోతోంది.

ఉష్ణోగ్రత రాసుకునేటప్పుడు ఆయిల్ అంకె ఒక్కటే కాకుండా బయటి గాలి వేడిని తీసేసి రాస్తున్నాను. పాత రోజు బయట 38, ఆయిల్ 124: తేడా 86, అదీ ఇంకా పెరుగుతూనే ఉండగా ఆపేశాను. డక్టు వేశాక సాయంత్రం బయట 31, ఆయిల్ 101 దగ్గర నిలబడింది: తేడా 70. ఇలా రాస్తే చల్లటి సాయంత్రం వచ్చిన మంచి అంకె చూసి మోసపోం. బయట 42 ఉన్న రోజున కూడా 112 దాటకూడదు. ఇదంతా నేల మీద, ప్రొపెల్లర్ గాలితోనే. 110 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి సుమారు 55 మిల్లీమీటర్ల నీటికి సమానం, కాబట్టి పైకెక్కేటప్పుడు ఇంతకంటే మెరుగే ఉంటుందని నా అంచనా. అయినా లెక్క అక్కడా కొలిచే రాస్తాను.

గొట్టాలు విప్పిన ప్రతిసారీ ఆయిల్ లైన్లలోంచి గాలి తీయాలి. ఇగ్నిషన్ ఆపి, ప్రతి సిలిండర్‌కు ఒక ప్లగ్గు తీసి, ప్రెషర్ మీటర్ లేచేదాకా ఇంజిన్ తిప్పాలి. ప్రొపెల్లర్‌ను వెనక్కి తిప్పొద్దు, ఇంజిన్ వాల్వులను లేపే లిఫ్టర్లలోకి గాలి చేరుతుంది.

ఇప్పుడు నాకున్న టెన్షన్ చలికాలం గురించి. పవర్ పెంచేముందు ఆయిల్ కనీసం 50కి రావాలి. ఎగిరే రోజున ఒక్కసారైనా 100 దాటితేనే అందులో చేరిన తేమ ఆవిరైపోతుంది. డిసెంబరులో కోరాపుట్ వైపు చలిలో ఈ డక్టు మరీ చల్లబరుస్తుంది. అందుకే ఎగ్జిట్ అంచును కేబుల్‌తో తెరిచి మూసే రెక్కగా మారుస్తున్నాను. మూసినా మూడో వంతు తెరిచే ఉండేలా స్టాపర్ పెడతాను, కేబుల్ తెగితే స్ప్రింగు దాన్ని పూర్తిగా తెరిచేయాలి. కీలు ముక్కలు మేస్త్రిగారి దగ్గర లేత్ మీద ఉన్నాయి.