తోక పక్కన పేరు

డిసెంబర్ రాగానే మా ఇంట్లో అటక మీది డబ్బా దిగుతుంది. మారేడ్‌పల్లిలో రెండు గదుల ఫ్లాట్, నాలుగడుగుల ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు. దానికి కట్టే గంటలు, బంతులు బేగంబజార్‌లో డజన్ల లెక్కన కొన్నవే. అవి కాక ఇంకో పదకొండు బొమ్మలున్నాయి, ఒక్కోటి పాత నేత చీర ముక్కలో చుట్టి. షికాగోలో నర్సుగా చేసిన మా పెద్దమ్మ ఏడాదికొకటి చొప్పున పంపిన హాల్‌మార్క్ కీప్‌సేక్‌లు, అంటే ఆ అమెరికా కంపెనీ చేసే క్రిస్మస్ చెట్టు బొమ్మలు. చిన్నప్పుడు వాటిని ముట్టుకుంటే అమ్మ వీపు మీద ఒకటిచ్చేది.

పోయినేడు దుమ్ము తుడుస్తుంటే ఎలుక బొమ్మ తోక పక్కన సన్నటి గీతలు కనబడ్డాయి. పగిలిందేమోనని గుండె జారింది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే సంతకం! ఆ బొమ్మకు రూపం ఇచ్చిన ఆర్టిస్టుది. అడుగున బుల్లి చెట్టు గుర్తు, అందులో 3. అంటే ఆ వరసలో మూడో బొమ్మ. ఒకటో నంబరు కోసం సేకరించేవాళ్లు కొట్టుకుంటారు.

1973లో హాల్‌మార్క్ ఇవి మొదలుపెట్టినప్పుడు పద్ధెనిమిది రకాలే: ఆరు గాజు బంతులు, పన్నెండు ఊలు బొమ్మలు. తర్వాత్తర్వాత డబ్బా మీద ఆర్టిస్టు పేరు కూడా వచ్చింది. ఇప్పుడు ఆ ఆర్టిస్టులు ఊళ్లకొస్తే జనం బొమ్మలు పట్టుకుని సంతకాల కోసం క్యూ కడతారు. మన దగ్గర ఆ క్యూ సినిమావాళ్లకే.

గాజు క్రిస్మస్ బొమ్మలకు పేరుపడ్డ అమెరికావాడు క్రిస్టఫర్ రాడ్కో కథ ఇంకో రకం. ఇంట్లో చెట్టు కూలి వెయ్యికి పైగా పాత గాజు బొమ్మలు ముక్కలైతే, పోలండ్‌లో గాజు ఊదే పనివాణ్ని పట్టుకుని మళ్లీ చేయించాడు. అదే వ్యాపారమైంది. మా చెట్టు మీదికి పిల్లి దూకినప్పుడు నాకు చీపురు తప్ప ఏమీ తట్టలేదు.

ఆ సంతకం మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంది. శిల్పారామం వెళ్లినప్పుడు చెర్యాల మాస్కులు అమ్మే నకాషీ (తరతరాలుగా ఆ బొమ్మలు చేసే కళాకారుల) పెద్దాయన్ని అడిగాను, అరచేతిలో పట్టేంత గొర్రెల కాపరి ముఖం చేసిస్తారా అని. రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి ముద్ద చేసి, ఆరాక సుద్ద పూసి రంగులేస్తారు. పది రోజులకు రమ్మన్నాడు.

వెళ్తే తలపాగా, మీసం, పెద్ద పెద్ద కళ్లు. బెత్లెహేము కాపరి అచ్చం మన గొల్ల మల్లన్నలా ఉన్నాడు. నాకదే నచ్చింది.

"వెనక మీ పేరు, ఈ ఏడు వెయ్యండి" అన్నాను.

"పేరెందుకమ్మా? చెర్యాల అంటే చాలదా?"

"చాలదు తాతా."

నవ్వి, సన్న కుంచెతో నల్లరంగు అద్దుకుని నిదానంగా రాశాడు. కింద ఇంకో పేరు కూడా రాస్తుంటే ఎవరిదన్నాను. "మా ఇంటామెది. ముద్ద కలిపేది ఆమెనే, నేను రంగులే."

ఏడు వేద్దామంటే ఇక చోటు లేదు.